శీతల ప్రదేశాల్లో అత్యవసర వైద్య సిబ్బందికి శ్వాస రక్షణ

ప్రమాదం జరిగిన చోటికి మొదట చేరుకునే వైద్య సహాయకులు, అంబులెన్సు నడిపేవారు, స్ట్రెచర్ మోసేవారు, ఆసుపత్రి గుమ్మంలో బాధితుల్ని అందుకునే నర్సులు, వైద్యులు ఎందరో కలుషితమైన గాలి పీల్చి తామే బాధితులయ్యే ప్రమాదం ఉంది. రోగకారక కణాలు, విషవాయువులు, రసాయనాల ఆవిరి, పొగ వారి ఊపిరితిత్తుల్లోకి చేరకుండా ఆపే సాధనాలు, పద్ధతులు, నియమాలు అన్నిటినీ కలిపి శ్వాస రక్షణ అంటారు. చలి ఉన్నచోట ఈ రక్షణకు ప్రత్యేక చిక్కులు వస్తాయి. చలిని తట్టుకోలేని బాధితుణ్ణి చూడగానే ఎవరైనా మూడు పనులు చేస్తారు: తలుపులు మూస్తారు, దుప్పటి కప్పుతారు, వేడి పెంచుతారు. బాధితుడి ప్రాణానికి ఇవి మూడూ అవసరమే. గాలిలో కాలుష్యం ఉన్నప్పుడు మాత్రం ఈ మూడూ దాని గాఢతను పెంచి సిబ్బందికి ముప్పు తెస్తాయి. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించడమే ఈ విషయానికి కేంద్రం.

నిర్వచనం, పరిధి

ఈ వ్యాసంలో శీతల ప్రదేశం అన్న మాటకు మూడు అర్థాలున్నాయి.

మొదటిది సహజమైన చలి: మంచు కురిసే ప్రాంతాలు, ఎత్తైన కొండలు, శీతాకాలపు రాత్రులు.

రెండోది మనిషి కల్పించిన చలి: కోల్డ్ స్టోరేజీలు, ఐస్ ఫ్యాక్టరీలు, చేపలు, రొయ్యలు శుద్ధిచేసి గడ్డకట్టించే కర్మాగారాలు, ద్రవ నైట్రోజన్ వాడే యూనిట్లు.

మూడోది చలికి భయపడి మూసేసిన వెచ్చని చోట్లు: కుంపటి పెట్టుకున్న గది, హీటరు వేసిన అంబులెన్సు, శిబిరంలోని గుడారం. బయట చలిగా ఉన్నా, గాలి ఎక్కువగా చెడేది ఈ మూడో రకం చోట్లలోనే.

గాలిలోని కాలుష్యం ఒంటికి రెండు దారుల్లో సోకుతుంది. ప్రమాద స్థలంలోని గాలిని నేరుగా పీల్చితే అది ప్రాథమిక సోకు. బాధితుడి బట్టలు, జుట్టు, చర్మం మీద ఉన్న పదార్థం ఆవిరై లేదా రేణువులుగా లేచి చుట్టూ ఉన్నవారికి తగిలితే అది ద్వితీయ సోకు. వైద్య సిబ్బందికి రెండోదే ఎక్కువగా ఎదురవుతుంది.

చారిత్రక నేపథ్యం

*మంచూరియా, 1910–11.* చలిలో గాలి ద్వారా పాకిన వ్యాధికీ, వైద్య సిబ్బంది రక్షణకూ తొలి పెద్ద పాఠం చైనా ఈశాన్యంలో దొరికింది. హార్బిన్ నగరంలో శీతాకాలపు ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు జారుతుంది. కూలీలు, వేటగాళ్లు మూసేసిన సత్రాల్లో, వేడిచేసిన ఇటుక అరుగుల మీద ఒకరి పక్కన ఒకరు పడుకునేవారు. ఆ గదుల్లో న్యుమోనిక్ ప్లేగు దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి సోకింది. సుమారు 60,000 మంది చనిపోయారు. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వైద్యుడు వూ లియెన్ తే 1910 డిసెంబరులో హార్బిన్ చేరి, ఇది ఎలుకల మీద బతికే ఫ్లీ పురుగుల వల్ల కాక ఊపిరి ద్వారా పాకుతోందని నిర్ధారించాడు. గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి కుట్టిన మాస్కును వైద్యులు, స్ట్రెచర్ మోసేవారు, శవాలు ఎత్తేవారు అందరూ కట్టుకోవాలన్నాడు. ఈ వాదనను ఒప్పుకోని ఫ్రెంచి వైద్యుడు జెరాల్ మెనీ మాస్కు లేకుండా రోగుల్ని పరీక్షించి, 1911 జనవరిలో అదే వ్యాధితో చనిపోయాడు. ముక్డెన్‌లో రైలు ప్రయాణికుల్ని తనిఖీ చేసిన వైద్యుడు ఆర్థర్ జాక్సన్ కూడా ఆ నెలలోనే ప్లేగుకు బలయ్యాడు. 1911 ఏప్రిల్‌లో ముక్డెన్‌లో అంతర్జాతీయ ప్లేగు సదస్సు జరిగింది.

*రసాయన యుద్ధం.* మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. 1917 జూలైలో చర్మంపై బొబ్బలు తెప్పించే మస్టర్డ్ వాయువు వాడకం మొదలైంది. గాయపడిన సైనికుల బట్టలకు అంటిన మస్టర్డ్, వెచ్చని వైద్య శిబిరాల్లో ఆవిరై ఉపచారకుల కళ్లను, గొంతును దెబ్బతీయడం ఆ యుద్ధంలోనే గమనించారు.

*బారి, 1943.* 1943 డిసెంబరు 2 రాత్రి ఇటలీలోని బారి రేవుపై జర్మన్ విమానాలు దాడి చేశాయి. అక్కడున్న జాన్ హార్వీ అనే అమెరికన్ ఓడలో మస్టర్డ్ బాంబులున్న సంగతిని రహస్యంగా ఉంచడంతో ఆసుపత్రులకు తెలియలేదు. మస్టర్డ్ కలిసిన నూనె నీళ్లలో ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన నావికులు చలికి వణికిపోతున్నారు. వైద్యులు దాన్ని తడిసినందువల్ల, షాక్ వల్ల వచ్చిన స్థితిగా భావించి, నూనె బట్టలు విప్పించకుండానే దుప్పట్లు చుట్టి, వేడి టీ ఇచ్చి పడుకోబెట్టారు. వార్డుల్లో వెల్లుల్లి వంటి వాసన వచ్చింది. కొన్ని గంటల్లో కళ్లు మండడం, చర్మంపై బొబ్బలు మొదలయ్యాయి. మస్టర్డ్ సోకి 628 మంది సైనిక సిబ్బంది ఆసుపత్రుల్లో చేరగా 83 మంది చనిపోయారు. అమెరికన్ సైనిక వైద్యుడు స్టువర్ట్ అలెగ్జాండర్ విచారణ జరిపి కారణాన్ని తేల్చాడు. చలికి చేసిన ఉపచారమే విషాన్ని ఒంటికి అంటిపెట్టిన ఉదాహరణగా ఈ ఘటనను నేటికీ చెప్పుకుంటారు.

*భోపాల్, 1984.* డిసెంబరు 2–3 రాత్రి క్రిమిసంహారక మందుల కర్మాగారం నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడింది. శీతాకాలపు రాత్రి కావడంతో నేలను అంటిన చల్లని గాలి పైకి లేవలేదు. గాలికంటే బరువైన ఆ ఆవిరి ఇళ్ల మధ్యనే నిలిచింది. ఏ వాయువు సోకిందో తెలియకుండానే ఆసుపత్రుల సిబ్బంది వేలాది బాధితులకు చికిత్స చేయవలసి వచ్చింది.

*టోక్యో, 1995.* మార్చి 20న భూగర్భ రైళ్లలో సారిన్ అనే నాడీ విషాన్ని వదిలారు. సెయింట్ ల్యూక్స్ అంతర్జాతీయ ఆసుపత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. వారి బట్టలు విప్పించకుండానే చాలామందిని లోపలికి తీసుకున్నారు. గాలి సరిగా ఆడని ప్రార్థన మందిరంలో పనిచేసిన సిబ్బందిలో కంటిపాప కుంచించుకుపోవడం, తలనొప్పి, వికారం కనిపించాయి. బాధితుల్ని చేరవేసిన 1,364 మంది అగ్నిమాపక శాఖ వైద్య సహాయకుల్లో 135 మందికి లక్షణాలు వచ్చాయి. వారెవరూ సారిన్ వదిలిన చోట ప్రయాణికులుగా ఉన్నవారు కారు. వారికి అది సోకింది విధి నిర్వహణలో.

చలి గాలిని ఎలా మారుస్తుంది

*ఆవిరి, ద్రవం, ఘనం.* ప్రతి రసాయనానికీ తనదైన మరిగే, గడ్డకట్టే ఉష్ణోగ్రతలుంటాయి. క్లోరిన్ సున్నాకు 34 డిగ్రీల దిగువన, అమ్మోనియా 33 డిగ్రీల దిగువన మరుగుతాయి కాబట్టి ఎంత చలిలోనైనా అవి దాదాపుగా వాయువులే. ఫాస్‌జీన్ సుమారు 8 డిగ్రీల వద్ద, హైడ్రోజన్ సయనైడ్ సుమారు 26 డిగ్రీల వద్ద మరుగుతాయి. చలికాలంలో ఇవి ద్రవంగా నిలిచి, వెచ్చని గదిలోకి రాగానే వాయువవుతాయి. శుద్ధమైన మస్టర్డ్ 14 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అందువల్ల మంచులో అది వాసన లేకుండా, ఆవిరి లేకుండా బూటుకూ కోటుకూ అంటుకుని ఉండిపోగలదు. బయట గ్యాస్ మీటరు ఏమీ చూపదు. హీటరు ఉన్న అంబులెన్సులో పది నిమిషాలు గడిచాక అదే కోటు నుంచి ఆవిరి లేస్తుంది.

*ఉష్ణోగ్రతా విలోమం.* సాధారణంగా నేల దగ్గర వెచ్చగా, పైకి వెళ్లేకొద్దీ చల్లగా ఉంటుంది. నిర్మలమైన శీతాకాలపు రాత్రి ఇది తిరగబడుతుంది. చల్లని బరువైన గాలి నేలను అంటి ఉంటే, దాని పైనున్న వెచ్చని గాలి పొర మూతలా పొగనూ వాయువులనూ కింద పట్టి ఉంచుతుంది. లోయల్లో, పల్లపు చోట్లలో ఇది తీవ్రంగా ఉంటుంది.

*పొడి గాలి.* సున్నా డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి దాదాపు 4.8 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టగలదు. 20 డిగ్రీల వద్ద 17.3 గ్రాములు పట్టగలదు. బయటి చలిగాలిని లోపలికి తెచ్చి వేడిచేస్తే సాపేక్ష తేమ నాలుగో వంతు దగ్గరకు పడిపోతుంది. ఇలాంటి పొడిగాలిలో దగ్గు తుంపరలు త్వరగా ఎండి సన్నబడి, ఎక్కువసేపు తేలియాడతాయి. న్యూయార్క్‌లో 2007లో గినీ పందులపై జరిగిన ప్రయోగాల్లో ఇన్‌ఫ్లూయెంజా వైరస్ 5 డిగ్రీల చలిలో, పొడిగాలిలో సులువుగా సోకింది. 30 డిగ్రీల వద్ద సోకలేదు.

కాలుష్య కారకాల రకాలు

*అంటు కణాలు.* క్షయ, తట్టు, ఇన్‌ఫ్లూయెంజా, కోవిడ్–19 వంటివి. శ్వాసనాళంలో గొట్టం వేయడం, గుండె తిరిగి కొట్టుకునేలా ఛాతీని నొక్కడం, కఫం పీల్చివేయడం వంటి పనులు చేసేటప్పుడు సిబ్బందికి ముప్పు పెరుగుతుంది.

*దహన వాయువులు.* చలికాలపు అత్యవసర పిలుపుల్లో అత్యంత ప్రమాదకరమైనది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. బొగ్గుల కుంపటి, కాశ్మీరులో వాడే బుఖారీ పొయ్యి, మూసిన గ్యారేజీలో నడిచే జనరేటరు దీనికి మూలాలు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే ముందుగా దీన్నే అనుమానించాలి. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు ఇందులో మోసం చేస్తుంది. రక్తం కార్బన్ మోనాక్సైడ్‌తో నిండినా అది ఆక్సిజన్ శాతాన్ని సరిగానే ఉన్నట్టు చూపుతుంది.

*శీతలీకరణ వాయువులు.* కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా వాడకం విస్తృతం. ఘాటైన వాసన వల్ల తొందరగా తెలిసిపోతుంది. మామూలుగా ఇది గాలికంటే తేలిక. అయితే పీడనంలో ఉన్న ద్రవం చిమ్మినప్పుడు చల్లని తెల్లటి పొగమంచులా మారి నేలబారుగా పాకుతుంది. "తేలికైన వాయువు, పైకి పోతుంది" అన్న నమ్మకంతో దగ్గరకు వెళ్లినవారు అందులో చిక్కుకుంటారు.

*ఆక్సిజన్ కొరత.* ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. అది విషం కాదు గాని, గదిలోని ఆక్సిజన్‌ను తోసేస్తుంది. పొడి మంచు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. 2021 జనవరి 28న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కోడిమాంసం గడ్డకట్టించే కర్మాగారంలో ద్రవ నైట్రోజన్ పొంగి ఆరుగురు చనిపోయారు. ఏం జరిగిందో చూడటానికీ, తోటివారిని కాపాడటానికీ లోపలికి వెళ్లిన కార్మికులు అందులో చిక్కుకున్నారు.

*రసాయన ఆయుధాలు, పారిశ్రామిక విషాలు.* సారిన్, మస్టర్డ్, క్లోరిన్, ఫాస్‌జీన్, సయనైడ్ మొదలైనవి. (చలిలో వీటి స్వభావానికి చూడండి: చలి గాలిని ఎలా మారుస్తుంది.)

గాలిని కొలవడం

కంటికి కనిపించని ముప్పును గుర్తించే తొలి సాధనం గ్యాస్ మీటరు. వైద్య సంచికి తగిలించే చిన్న కార్బన్ మోనాక్సైడ్ మీటరు సాధారణంగా పది లక్షల వంతుల్లో 35 వంతుల దగ్గర మోగుతుంది. ఈ కొలతను పీపీఎం అంటారు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఎనిమిది గంటల పనికి సూచించిన హద్దు కూడా అదే. 1,200 పీపీఎం దాటితే ప్రాణానికి తక్షణ ప్రమాదం. అమ్మోనియాకు ఈ అంకెలు 25, 300. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే దాన్ని ఆక్సిజన్ కొరతగా పరిగణిస్తారు.

మీటరు విలువ తెలిసేది గుమ్మం దగ్గర. తెల్లవారుజామున పిలుపు వస్తుంది. తలుపు సందుల్లో గోనె కుక్కి ఉంటుంది. లోపల ఎవరూ పలకరు. తలుపు తీసిన మరుక్షణం సంచి మీది మీటరు మోగుతుంది. అప్పుడు చేయవలసినది వెనక్కి తగ్గి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, శ్వాస పరికరం ఉన్నవారితో బాధితుణ్ణి బయటికి తెప్పించడం. చికిత్స బయటే మొదలవుతుంది. మీటరు లేని సిబ్బంది మోకాళ్ల మీద కూర్చుని నాడి చూస్తూ అదే గాలిని పీలుస్తారు.

మీటర్లలోని రసాయన సెన్సార్లు కఠిన చలిలో నెమ్మదిస్తాయి, బ్యాటరీ తగ్గుతుంది. అందుకే వాటిని వాహనం లోపల వెచ్చగా ఉంచి, శుభ్రమైన గాలిలో ఆన్ చేసి సరిచూసుకున్నాకే తీసుకెళ్లాలి.

శ్వాస రక్షణ సాధనాలు

*రేణువులను ఆపే మాస్కులు.* ఎన్–95 మాస్కు గాలిలోని సన్నని రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. ఐరోపా ప్రమాణంలో ఎఫ్‌ఎఫ్‌పీ–2 కనీసం 94 శాతం, ఎఫ్‌ఎఫ్‌పీ–3 కనీసం 99 శాతం ఆపాలి. భారతదేశంలో ఇలాంటి మాస్కులకు ఐఎస్ 9473 ప్రమాణం ఉంది. ఇవి వైరస్‌లకు, ధూళికి పనికొస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌ను, అమ్మోనియాను ఆపలేవు.

*డబ్బా ఫిల్టరు ఉన్న ముఖకవచం.* ఉత్తేజిత బొగ్గు, రసాయన పూతలు నిర్ణీత వాయువులను పట్టుకుంటాయి. ఏ వాయువుకు ఏ డబ్బా అన్నది ముందే తెలిసి ఉండాలి. ఆక్సిజన్ తక్కువైన చోట వీటిని వాడకూడదు.

*మోటారుతో గాలి పంపే హుడ్.* నడుముకు కట్టిన చిన్న ఫ్యాన్, ఫిల్టరు గుండా గాలి లాగి తలపై ఉన్న హుడ్‌లోకి పంపుతుంది. వదులుగా ఉండే హుడ్ రకానికి గడ్డం, కళ్లజోడు అడ్డురావు. ఆసుపత్రి గుమ్మంలో బాధితుల్ని అందుకునే సిబ్బందికి, ఏ పదార్థం సోకిందో తెలియనప్పుడు, ఈ రకాన్నే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా సూచించింది.

*సొంత గాలి సిలిండరు.* వీపున మోసే సిలిండరు నుంచి శుభ్రమైన గాలి వస్తుంది. ముఖకవచంలో గాలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువగా ఉంటుంది. ఆక్సిజన్ లేని చోటికీ, తెలియని విషం వెలువడిన ప్రమాద స్థలానికీ ఈ నాలుగింటిలో ఇదొక్కటే తగినది. ఓషా లెక్కలో సగం ముఖం కప్పే మాస్కుకు రక్షణ గుణకం 10. సొంత గాలి సిలిండరుకు 10,000.

చలిలో సాధనాల పనితీరు

ఊపిరి వదిలినప్పుడు వచ్చే గాలి వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. చల్లని కళ్లద్దానికి తగలగానే అది పొగమంచులా పేరుకుంటుంది. మరీ చలైతే గడ్డకడుతుంది. పూర్తి ముఖకవచం లోపల ముక్కూ నోరూ కప్పే చిన్న గిన్నె ఉంటే ఊపిరి అద్దం వైపు వెళ్లదు. అద్దానికి తేమ పట్టని పూత వాడతారు.

ఊపిరి బయటికి పోయే వాల్వు ఒక పలుచని రబ్బరు రేకు. ఉమ్మి, తేమ దాని అంచున గడ్డకడితే అది తెరుచుకుపోయి అలాగే నిలుస్తుంది. అప్పుడు లోపలికి తీసే ప్రతి శ్వాసతోనూ వడకట్టని గాలి వస్తుంది. వాడుతున్న వ్యక్తికి ఇది తెలియదు. ఊపిరి ఇంకా తేలికగా ఆడుతున్నట్టే అనిపిస్తుంది. అందుకే విరామం తీసుకున్న ప్రతిసారీ వాల్వును తుడిచి, అరచేతితో మూసి సీలు పరీక్షించాలి.

సిలిండరులోని గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. అందులో తేమ ఉంటే రెగ్యులేటరులో మంచు కడుతుంది. దీన్ని నివారించేందుకు సిలిండరు గాలి మంచు బిందువు సున్నాకు 45.6 డిగ్రీల దిగువన ఉండాలని ఓషా నియమం. హుడ్ ఫ్యాన్ బ్యాటరీలు చలిలో త్వరగా తగ్గుతాయి; అదనపు బ్యాటరీని కోటు లోపల, ఒంటి వేడిలో ఉంచుకోవాలి. రబ్బరు ముఖకవచం బిరుసెక్కి చెంపకు అతుక్కోదు.

చలికాలంలో తరచుగా జరిగే పొరపాటు మఫ్లరు, కోతిటోపీ అంచు మాస్కు కింద చిక్కుకోవడం. మాస్కు అంచుకూ చర్మానికీ మధ్య ఉన్ని నూలు ఒక్క పోగు ఉన్నా సీలు పోతుంది. మాస్కు ముందు, టోపీ తరువాత. మాస్కు ముఖానికి సరిపోతోందో చూసేందుకు ఏటా చేసే అమరిక పరీక్షను కూడా చలికాలపు దుస్తులతోనే చేయాలి. ఊపిరికి తడిసిన ఎన్–95 మాస్కును మార్చాలి.

అంబులెన్సు లోపలి గాలి

చలిలో అంబులెన్సు నడిపేవారు హీటరును లోపలి గాలినే తిప్పే పద్ధతిలో పెడతారు. త్వరగా వెచ్చబడుతుంది; కాలుష్యం కూడా లోపలే తిరుగుతుంది. సరైన పద్ధతి ఇది: హీటరు వేసే ఉంచి బయటి గాలి తీసుకోవాలి, రోగి భాగం వెనుక ఉన్న ఎగ్జాస్టు ఫ్యాన్‌ను గరిష్ఠంగా నడపాలి, డ్రైవరుకూ రోగికీ మధ్య తలుపు, కిటికీ మూయాలి. మధ్య గోడ లేని వాహనంలో ముందు భాగపు గాలి మార్గాలు తెరిచి, వెనుక ఫ్యాన్ నడిపితే గాలి డ్రైవరు నుంచి రోగి వైపు, అక్కణ్ణుంచి బయటికి ప్రవహిస్తుంది.

గాలి ఎంత వేగంగా శుభ్రమవుతుందన్నది గంటకు ఎన్నిసార్లు మారుతుందన్న దానిపై ఆధారపడుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల లెక్క ప్రకారం గంటకు 12 సార్లు గాలి మారే గదిలో 99 శాతం కణాలు తొలగడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లయితే 46 నిమిషాలు, 2 సార్లయితే 138 నిమిషాలు. ఫ్యాన్ ఆపి, అద్దాలు మూసిన వాహనంలో ఒక రోగిని దించిన వెంటనే మరొకరిని ఎక్కిస్తే, మొదటి రోగి వదిలిన గాలినే రెండో రోగీ సిబ్బందీ పీలుస్తారు.

వాహనం పొగ గొట్టం మంచులో కూరుకుపోతే, లేదా గుడారం పక్కన జనరేటరు నడుస్తుంటే, సాయం చేసే చోటే కార్బన్ మోనాక్సైడ్‌తో నిండుతుంది. గుడారాలకు పొగ బయటికి పోయే గొట్టమున్న హీటర్లనే వాడాలి. హెపా ఫిల్టరుతో కూడిన రవాణా సంచులు అంటువ్యాధి రోగుల తరలింపులో అదనపు రక్షణనిస్తాయి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది.

కాలుష్యం తొలగించడం

*బట్టలు విప్పించడం.* ఒంటి మీది రసాయనంలో అత్యధిక భాగం బట్టలు తీయడంతోనే పోతుంది. మార్గదర్శకాలు దీన్ని 80 నుంచి 90 శాతంగా లెక్కగడతాయి. చొక్కాను తల మీదుగా లాగితే ముఖానికి అంటుతుంది కాబట్టి ముందువైపు కత్తెరతో కోస్తారు. తీసిన బట్టల్ని రెండు సంచుల్లో మూతి బిగించి, అంబులెన్సు బయటే ఉంచాలి. ద్రవ అమ్మోనియా తగిలి బట్ట చర్మానికి గడ్డకట్టి అతుక్కుంటే మాత్రం లాగకూడదు. నీటితో కరిగించాకే తీయాలి.

*పొడి పద్ధతి, నీటి పద్ధతి.* పీల్చుకునే కాగితంతోనో గుడ్డతోనో అద్దడం పొడి పద్ధతి. చలిలో ఇది సులువు, వెంటనే చేయదగినది. బ్రిటన్‌లో ఆమ్లం, క్షారం వంటి చర్మాన్ని కాల్చే పదార్థాలు కానప్పుడు మొదట దీన్నే చేస్తారు. తరువాత గోరువెచ్చని నీటి స్నానం, ఒళ్లు తుడవడం, పొడి దుప్పటి వరుసగా జరగాలి. అమెరికా సైన్యపు రసాయన విభాగం 2002లో చలికాలపు సామూహిక శుద్ధిపై మార్గదర్శకాలు వెలువరించింది. ప్రాణాపాయ స్థాయిలో రసాయనం సోకినవారికి ఎంత చలిలోనైనా బట్టలు తీసి శుద్ధి చేయవలసిందేననీ, చలిని బట్టి మారవలసింది చోటు, పద్ధతి మాత్రమేననీ అవి చెబుతాయి.

శుద్ధి చేసే చోటు గాలి వీచే దిశకు ఎదురుగా, మెరకలో ఉండాలి. ఒలికిన నీరు గడ్డకట్టి జారుతుంది కాబట్టి ఇసుక, ఉప్పు సిద్ధంగా ఉంచుతారు.

సిబ్బంది శరీర స్థితి

గాలి చొరని రక్షణ దుస్తుల్లో పనిచేసేటప్పుడు చెమట పోస్తుంది. పని ఆగగానే ఆ చెమటే ఒంటిని చల్లబరుస్తుంది. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే హైపోథెర్మియా అంటారు. తీర్పు మందగించడం, మాట తడబడడం దాని తొలి గుర్తులు. తీర్పు మందగించిన మనిషి తన మాస్కు సరిగా లేదని గుర్తించలేడు. వేళ్లు మొద్దుబారితే బకిల్సు, వాల్వులు పట్టు చిక్కవు. అందుకే చెమట పీల్చే లోదుస్తులు, నైట్రైల్ చేతితొడుగుల కింద పలుచని ఊలు తొడుగులు, జంటలుగా పని, వెచ్చని శుభ్రమైన చోట నిర్ణీత విరామాలు, తరచుగా ద్రవాహారం సూచిస్తారు.

ప్రమాణాలు, భారతదేశంలో స్థితి

శ్వాస రక్షణకు అమెరికాలో ఓషా నియమావళి, ఐరోపాలో ఈఎన్ ప్రమాణాలు ఆధారం. భారతదేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రసాయన విపత్తులపై 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంబులెన్సు నిర్మాణానికి ఏఐఎస్–125 ప్రమాణం ఉంది. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ విజయవాడ సమీపంలో ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో మంచు ప్రాంతాలు లేకపోయినా ఈ విషయానికి నేరుగా సంబంధమున్న చోట్లున్నాయి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలు, కోస్తా జిల్లాల్లో రొయ్యలు గడ్డకట్టించే కర్మాగారాలు, ఐస్ ఫ్యాక్టరీలు అమ్మోనియాతో నడుస్తాయి. లంబసింగి వంటి ఏజెన్సీ గ్రామాల్లో, ఆదిలాబాదు ప్రాంతంలో చలికాలపు రాత్రులు ఇళ్లలో కుంపట్లు వెలుగుతాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలో పైలట్ అని పిలిచే డ్రైవరు, ఈఎంటీ అని పిలిచే వైద్య సహాయకుడు ఇద్దరే ఈ రెండు రకాల పిలుపులకూ మొదట చేరుతారు. చలితో ముడిపడినది కాకపోయినా, 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో పలువురిని బలిగొన్న స్టైరీన్ లీకు, నిద్రలో ఉన్న ఊరికి వాయువు సోకితే మొదట చేరేవారి రక్షణ ఎంత అవసరమో చూపింది.

చర్చనీయాంశాలు

గాలి ఆడనివ్వాలా, వెచ్చగా ఉంచాలా అన్నది మొదటి ప్రశ్న. తీవ్రంగా రక్తం పోయిన రోగికి చలి తగిలితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. కాబట్టి అద్దాలు తెరిచి ఉంచడం అతనికి హాని. హీటరు, ఎగ్జాస్టు రెండూ కలిపి నడిచే వాహనాలు దీనికి పరిష్కారమైనా, పాత వాహనాల్లో ఆ వసతి ఉండదు. నీటి పద్ధతా, పొడి పద్ధతా అన్నది రెండోది. దేశాన్ని బట్టి నియమాలు వేరు. అతిగా రక్షణ దుస్తులు వేసుకుంటే చికిత్స ఆలస్యమవుతుందన్నది మూడోది. ముప్పు స్థాయిని బట్టి సాధనం ఎంచుకోవాలన్న సూత్రాన్ని మాత్రం అందరూ అంగీకరిస్తారు.

ప్రాధాన్యం

పడిపోయిన సహాయకుడు మరో బాధితుడవుతాడు. అతన్ని మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి. హార్బిన్ నుంచి టోక్యో దాకా నమోదైన అనుభవం చెప్పే వరుస ఒక్కటే: గుమ్మం దగ్గర గాలి కొలవాలి, తన మాస్కు సరిచూసుకోవాలి, బాధితుణ్ణి బయటికి తేవాలి, కలుషితమైన బట్టలు తీయాలి, ఆ తరువాతే పొడి దుప్పటి కప్పి, బయటి గాలి ఆడే వాహనంలో వెచ్చగా తరలించాలి. ఈ పనులకు వాడే గ్యాస్ మీటరు, మాస్కు, కత్తెర, సంచులు, దుప్పటి అన్నీ కలిపి ఒక అంబులెన్సు అరలో పడతాయి.